టీవీ రికార్డింగ్‌కి హార్డ్ డిస్క్ రికార్డర్ కొంటున్నారా? ముందు ఈ లెక్కలు చూడండి

"అన్నీ ఓటీటీలో దొరుకుతుంటే ఇంకా ఈ రికార్డింగ్ గోల ఏంటి బ్రో?" అని ఈపాటికే మీలో సగం మంది అనుకుని ఉంటారు. సినిమాలు, సీరియల్స్, రియాలిటీ షోల వరకు మీరన్నది కరెక్టే. ఇవాళ మిస్సయితే రేపు యాప్‌లో చూడొచ్చు. కానీ టీవీలో వచ్చేవన్నీ యాప్‌లోకి రావు. దూరదర్శన్ సప్తగిరిలోనో యాదగిరిలోనో వచ్చే జానపద కార్యక్రమం, మీ ఊరి తిరునాళ్ల మీద లోకల్ ఛానల్ వేసిన అరగంట ప్రోగ్రామ్, మీ చెల్లి స్కూల్ టీమ్ వెళ్లిన క్విజ్... ఇవి తర్వాత ఎక్కడ వెతికినా దొరుకుతాయన్న గ్యారంటీ లేదు. దొరికినా ఎప్పుడు తీసేస్తారో తెలీదు. పైగా ఊళ్లో అమ్మమ్మకి ఫోన్ డేటా రోజుకి 1.5 జీబీ ఉంటే, హెచ్‌డీ స్ట్రీమింగ్‌లో అది గంటలోపే ఖాళీ అయిపోతుంది. డిష్‌కి ఆ బాధ లేదు.

అందుకే ఇది ఇంకా కొనే వస్తువే. కాకపోతే అమెరికాలో 1999లో టీవో వచ్చినప్పటిలా "ఇదిగో రికార్డర్" అని ఒకే పెట్టె మన షాపుల్లో దొరకదు. డీటీహెచ్ బాక్స్, ఫ్రీ టు ఎయిర్ బాక్స్, టీవీ మెనూలో ఒక మూల ఉండే ఆప్షన్, మనమే కట్టుకునే చిన్న సర్వర్... ఇలా రకరకాల రూపాల్లో ఉంటుంది. ఏది మీకు పనికొస్తుందో తేల్చుకోవాలంటే లోపల ఏం జరుగుతుందో కొంచెం తెలియాలి. అక్కడి నుంచే మొదలుపెడదాం.

రికార్డర్ నిజానికి ఏం చేస్తుంది?

పాత వీసీఆర్ అయితే సిగ్నల్‌ని టేపు మీదకి మళ్లీ రాసేది. రాసిన ప్రతిసారీ క్వాలిటీ కొంచెం పడిపోయేది. డిజిటల్ రికార్డర్ పని దానికంటే చాలా తేలిక. శాటిలైట్ నుంచి వచ్చే వీడియో ఆల్రెడీ కంప్రెస్ అయ్యే వస్తుంది, ఎంపెగ్-2లోనో ఎంపెగ్-4లోనో. దాన్ని 188 బైట్ల చిన్న చిన్న ప్యాకెట్లుగా కోసి, పది పదిహేను ఛానళ్ల ప్యాకెట్లన్నీ ఒకదాంట్లో ఒకటి కలిపి ఒకే ప్రవాహంగా పంపిస్తారు. దీన్నే ట్రాన్స్‌పోర్ట్ స్ట్రీమ్ అంటారు. ప్రతి ప్యాకెట్ మీదా ఒక నంబర్ ఉంటుంది. రికార్డర్ మనకి కావాల్సిన ఛానల్ నంబర్లున్న ప్యాకెట్లని ఏరి డిస్క్ మీద పడేస్తుంది. అంతే.

దీన్నిబట్టి రెండు సంగతులు తెలుస్తున్నాయి. ఒకటి, రికార్డింగ్ క్వాలిటీ, లైవ్ క్వాలిటీ ఒకటే. "అల్ట్రా క్లియర్ రికార్డింగ్" అని అట్టపెట్టె మీద రాసుంటే నవ్వుకుని పక్కన పెట్టేయండి. అది మార్కెటింగ్ వాళ్ల కవిత్వం. రెండోది ఇంకా ముఖ్యం. ప్యాకెట్లని ఏరడమే పని కాబట్టి ప్రాసెసర్ మీద పెద్దగా లోడ్ పడదు. చౌక బాక్స్ కూడా ఈ పని బాగానే చేయగలదు. అంటే ధరలో తేడా వీడియో దగ్గర రాదు. ట్యూనర్లు, సాఫ్ట్‌వేర్, ఫైల్ మీద మీకుండే హక్కు, వీటి దగ్గర వస్తుంది. మనం చూడాల్సింది కూడా వీటినే.

ఉన్న దారులు ఏవి?

మన దేశంలో పే డీటీహెచ్ కంపెనీలు నాలుగున్నాయి: టాటా ప్లే, ఎయిర్‌టెల్, డిష్ టీవీ, సన్ డైరెక్ట్. ఏ కంపెనీ బాక్స్ తీసుకున్నా రికార్డింగ్ రెండు రకాలుగా ఉండొచ్చు: లోపలే హార్డ్ డిస్క్ ఉన్నది, లేదా వెనక యూఎస్‌బీ పోర్ట్ ఉండి మన డిస్క్ పెట్టుకునేది. ఏ మోడల్‌లో ఏముందో ఏడాదికోసారి మారిపోతుంటుంది. కాబట్టి ఏజెంట్ మాట మీద కాకుండా మోడల్ నంబర్ అడిగి స్పెసిఫికేషన్ చూసుకోండి.

తర్వాతది డీడీ ఫ్రీ డిష్. 2004 డిసెంబర్‌లో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైంది, నెల చందా లేదు. ఇప్పుడు జీశాట్-15 నుంచి, అంటే 93.5 డిగ్రీల తూర్పు నుంచి వస్తోంది. దీనికి బయట దొరికే ఫ్రీ టు ఎయిర్ బాక్సుల్లో చాలావాటికి యూఎస్‌బీ రికార్డింగ్ ఉంటుంది. కొనేటప్పుడు ఎంపెగ్-2 మాత్రమే ఉన్న పాత స్టాక్ అంటగట్టకుండా చూసుకోండి. ఎంపెగ్-4, డీవీబీ-ఎస్2 రెండూ సపోర్ట్ చేసేదే తీసుకోవాలి.

మూడోది టీవీ లోపలే ఉండే రికార్డింగ్. ఇక్కడ చాలామంది పొరపడుతున్నారు కాబట్టి కాస్త ఆగి చెప్తాను. టీవీ మెనూలో "పీవీఆర్" అనో "టైమ్‌షిఫ్ట్" అనో కనిపించగానే పెన్ డ్రైవ్ పెట్టి, సెట్‌టాప్ బాక్స్‌లో వచ్చే ఛానల్ రికార్డ్ అవుతుందని అనుకుంటారు. అవ్వదు. టీవీ తన సొంత ట్యూనర్‌కి వచ్చిన సిగ్నల్‌నే రికార్డ్ చేస్తుంది. సెట్‌టాప్ బాక్స్ నుంచి హెచ్‌డీఎంఐ కేబుల్‌లో వచ్చేది డీకంప్రెస్ అయిపోయిన వీడియో, దాని మీద హెచ్‌డీసీపీ అనే తాళం కూడా ఉంటుంది. కేబుల్ డిజిటైజేషన్ అయిపోయాక మన ఇళ్లలో టీవీ సొంత ట్యూనర్‌కి దాదాపు ఏ కనెక్షనూ ఉండదు. కాబట్టి ఆ మెనూ ఉన్నా లేనట్టే. ఒక్క మినహాయింపు ఉంది: శాటిలైట్ ట్యూనర్ లోపలే ఉన్న టీవీలు. బీఐఎస్ వీటికి ఐఎస్ 18112:2022 అని ఒక స్టాండర్డ్ కూడా తెచ్చింది. అలాంటి టీవీకి ఫ్రీ డిష్ కేబుల్ నేరుగా పెడితే ఉచిత ఛానళ్లు వస్తాయి. అందులో రికార్డింగ్ ఆప్షన్ ఉంటే పనిచేస్తుంది. అయితే చాలా టీవీలు డిస్క్‌ని తమ సొంత ఫార్మాట్‌లోకి మార్చేసి, రికార్డింగ్ ఆ టీవీలో తప్ప ఇంకెక్కడా ప్లే కాకుండా చేస్తాయి. అది చూసుకోండి.

నాలుగోది మన లాంటి వాళ్ల కోసం: రాస్ప్‌బెరీ పై లేదా పాత ల్యాప్‌టాప్, ఒక యూఎస్‌బీ శాటిలైట్ ట్యూనర్, దాని మీద టీవీహెడ్‌ఎండ్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. దీని గురించి తర్వాత చెప్తాను.

అసలు ప్రశ్న: రికార్డింగ్ ఎవరిది?

స్పెసిఫికేషన్ షీట్‌లో ఎక్కడా రాయని పాయింట్ ఇదే. నా లిస్టులో మాత్రం మొదటిది.

తెనాలిలో మా మేనమామ పద్యనాటకాలు వేసేవాడు. ఉద్యోగం వేరే, కానీ ప్రాణమంతా స్టేజీ మీదే. ఒకసారి వాళ్ల సమాజం వేసిన రాయబారం సీను ఒక ఛానల్‌లో గంటసేపు వచ్చింది, అందులో కృష్ణుడు మామయ్యే. ఇంట్లో ఉన్న డీటీహెచ్ బాక్స్‌లో హార్డ్ డిస్క్ ఉంది కాబట్టి రికార్డ్ చేసి పెట్టుకున్నారు. మామయ్య పోయాక ప్రతి సంవత్సరం ఆబ్దికం రోజు సాయంత్రం అత్తయ్య అది పెట్టేది, అందరం కూర్చుని చూసేవాళ్లం. ఒక వేసవిలో పిడుగు పడి బాక్స్ కాలిపోయింది. సర్వీస్ కుర్రాడు వచ్చి అరగంటలో కొత్త బాక్స్ పెట్టి, పాతది తీసుకెళ్లిపోయాడు. రూల్ ప్రకారం ఆ కుర్రాడు చేసింది కరెక్టే. బాక్స్ అద్దెది, కంపెనీ ఆస్తి.

రాత్రి నాకు ఫోన్. "ఏరా, నువ్వు కంప్యూటర్ ఇంజినీరువే కదా, ఆ పెట్టెలోంచి మీ మామయ్య నాటకం తీయలేవా?"

కస్టమర్ కేర్‌కి ఎన్ని సార్లు చేసినా బాక్స్ వెనక్కి రాలేదు. ఒకవేళ వచ్చినా నేను చేయగలిగింది ఏమీ ఉండేది కాదు. ఇది ఏ ఒక్క కంపెనీ సంగతీ కాదు. పే డీటీహెచ్ బాక్సుల్లో రికార్డింగ్ ఎన్‌క్రిప్ట్ అయ్యే డిస్క్ మీద పడుతుంది, దాని తాళంచెవి ఆ బాక్స్ చిప్‌కే కట్టేసి ఉంటుంది. డిస్క్ ఊడదీసి కంప్యూటర్‌కి పెడితే కనిపించేది అర్థంలేని బైట్లే. అదే కంపెనీ, అదే మోడల్ ఇంకో బాక్స్‌కి పెట్టినా అంతే. యూఎస్‌బీలో మన డిస్క్ పెట్టుకునే మోడల్స్‌లో కూడా ఇదే కథ: డిస్క్ మనది, లోపలున్నది మనది కాదు. చాలా బాక్సుల్లో రీఛార్జ్ అయిపోతే పాత రికార్డింగ్‌లు కూడా ప్లే కావు. నాటకం వేసిన ఛానల్ వాళ్లని అడిగితే అంత పాతవి ఉంచలేదన్నారు. ఇప్పుడు ఆ గంట ఎక్కడా లేదు. కృష్ణుడి కిరీటంతో తీసుకున్న ఫొటో ఒకటి మాత్రం హాల్లో ఉంది.

కాబట్టి కొనేముందు మీకు మీరే వేసుకోవాల్సిన ప్రశ్న: నేను రికార్డ్ చేసేది చూసి డిలీట్ చేసేదా, దాచుకునేదా? రాత్రి మ్యాచ్ పొద్దున చూసి తుడిచేసేవాళ్లకి, అమ్మ సీరియల్స్‌కి, పే డీటీహెచ్ రికార్డర్ భేషుగ్గా పనిచేస్తుంది. వాడటానికి కూడా అదే అన్నిటికంటే సులువు. దాచుకోవాల్సినవి ఉంటే మాత్రం, ఆ ఛానల్ ఫ్రీ డిష్‌లో ఉందేమో చూడండి. ఫ్రీ టు ఎయిర్ బాక్సులు ఎక్కువ భాగం మామూలు టీఎస్ ఫైల్‌గా సేవ్ చేస్తాయి. డిస్క్ తీసి ల్యాప్‌టాప్‌కి పెడితే వీఎల్‌సీలో ప్లే అవుతుంది, కాపీ అవుతుంది, పది చోట్ల దాచుకోవచ్చు.

ఇది చట్టమేనా అని అడుగుతారు కాబట్టి చెప్తున్నా. మన కాపీరైట్ చట్టం, 1957లో సెక్షన్ 39 ప్రకారం సొంత వాడకం కోసం ప్రసారాన్ని రికార్డ్ చేసుకోవడం ప్రసార హక్కుల ఉల్లంఘన కాదు. దాన్ని యూట్యూబ్‌లో పెట్టడం, అమ్మడం వేరే సంగతి. అలాగే ఎన్‌క్రిప్షన్ తాళం పగలగొట్టడం మీద 2012 సవరణలో వచ్చిన సెక్షన్ 65ఏ ఉంది. కాబట్టి కామెంట్స్‌లో "క్రాక్ చేసే సాఫ్ట్‌వేర్ చెప్పు అన్నా" అని అడగొద్దు.

ట్యూనర్లు, కేబుళ్లు

ఒకటి చూస్తూ ఇంకోటి రికార్డ్ చేయాలంటే రెండు ట్యూనర్లు కావాలి. ఒకటే ట్యూనర్ ఉన్న బాక్స్‌లో రికార్డింగ్ మొదలవగానే ఛానల్ మార్చడం కుదరదు. ఇంట్లో గొడవ గ్యారంటీ. అయితే పైన చెప్పిన ట్రాన్స్‌పోర్ట్ స్ట్రీమ్ సంగతి గుర్తుందా? ఒక ట్యూనర్ ఒకసారికి ఒక ట్రాన్స్‌పాండర్‌ని పట్టుకుంటుంది, అందులో పది పదిహేను ఛానళ్లుంటాయి. అవన్నీ ఆల్రెడీ బాక్స్ లోపలికి వచ్చేసినట్టే. కాబట్టి సాఫ్ట్‌వేర్ తెలివైనదైతే, ఒక్క ట్యూనర్‌తో కూడా అదే ట్రాన్స్‌పాండర్‌లో ఉన్న ఇంకో ఛానల్ చూడొచ్చు. కొన్ని ఫ్రీ టు ఎయిర్ బాక్సుల్లో రికార్డింగ్ నడుస్తుండగా ఛానల్ లిస్ట్ తీస్తే కొన్ని పేర్లు మాత్రమే పనిచేసేది ఇందుకే. అది బగ్ కాదు.

రెండు ట్యూనర్ల బాక్స్ తీసుకుంటే డిష్ నుంచి మామూలుగా రెండు కేబుళ్లు రావాలి, అంటే డిష్ మీద ఎల్‌ఎన్‌బీకి రెండు అవుట్‌పుట్‌లు ఉండాలి. ఇక్కడ ఇన్‌స్టాలేషన్ వాళ్లు కొందరు ఒక కేబుల్‌కే స్ప్లిటర్ వేసి రెండు చేస్తామంటారు. ఒప్పుకోకండి. ట్యూనర్ ఎల్‌ఎన్‌బీకి కేబుల్‌లోనే వోల్టేజీ పంపి మాట్లాడుతుంది: 13 వోల్టులు పంపితే వెర్టికల్, 18 పంపితే హారిజాంటల్. ఒకే కేబుల్ మీద రెండు ట్యూనర్లు రెండు రకాల వోల్టేజీలు అడిగితే ఒకదాని మాటే చెల్లుతుంది, రెండోదాంట్లో కొన్ని ఛానళ్లు మాయమవుతాయి. ఒకే కేబుల్‌తో నడవాలంటే యూనికేబుల్ అనే ప్రత్యేకమైన ఎల్‌ఎన్‌బీ కావాలి, బాక్స్ కూడా దాన్ని సపోర్ట్ చేయాలి. అపార్ట్‌మెంట్‌లో డక్ట్‌లోంచి రెండో కేబుల్ లాగడం కుదరదనుకుంటే, ఈ సంగతి బాక్స్ కొనకముందే అడిగి తేల్చుకోండి.

ఎంత డిస్క్ కావాలి?

సూత్రం చాలా ఈజీ. బిట్‌రేట్‌ని 8తో భాగిస్తే సెకనుకి ఎన్ని మెగాబైట్లో వస్తుంది, దాన్ని 3600తో గుణిస్తే గంటకి. హెచ్‌డీ ఛానల్ 8 ఎంబీపీఎస్ అనుకుందాం: సెకనుకి 1 ఎంబీ, గంటకి 3.6 జీబీ. ఎస్‌డీ ఛానల్ 3 ఎంబీపీఎస్ అనుకుంటే గంటకి 1.35 జీబీ. ఛానల్‌ని బట్టి, సీన్‌ని బట్టి బిట్‌రేట్ మారుతుంది, కానీ ప్లానింగ్‌కి ఈ అంకెలు చాలు.

1 టీబీ డిస్క్‌లో ఈ లెక్కన హెచ్‌డీ 277 గంటలు, ఎస్‌డీ 740 గంటలు పడతాయి. నాలుగు గంటల టీ20 మ్యాచ్ హెచ్‌డీలో 14.4 జీబీ. రోజుకి మూడు అరగంట సీరియల్స్ ఎస్‌డీలో అయితే 2 జీబీ. నిజం చెప్పాలంటే 500 జీబీ చాలామందికి సరిపోతుంది. దాచుకునేవాళ్లు 1 టీబీ తీసుకోండి. 4 టీబీ పెట్టుకుని దాంట్లో అన్నీ ఒకేచోట కుక్కడం కంటే, 1 టీబీవి రెండు కొని ఒకటి బ్యాకప్‌గా బీరువాలో పెట్టడం నయం. ఇంకోటి, 1 టీబీ డిస్క్ పెడితే 931 జీబీ అనే చూపిస్తుంది. మోసం కాదు, లెక్కపెట్టే పద్ధతిలో తేడా.

స్పీడ్ గురించి కూడా ఇదే లెక్కతో తేల్చేయొచ్చు. రెండు హెచ్‌డీ ఛానళ్లు రికార్డ్ చేస్తూ మూడోది ప్లే చేసినా సెకనుకి 3 ఎంబీ. పాత యూఎస్‌బీ 2.0 కూడా దీనికి పదింతలు లాగుతుంది. కాబట్టి 7200 ఆర్‌పీఎం, ఎన్‌వీఎంఈ లాంటి వాటికి ఇక్కడ డబ్బు పోయడం దండగ. 5400 ఆర్‌పీఎం మామూలు పోర్టబుల్ డిస్క్ చాలు, శబ్దం కూడా తక్కువ.

పెన్ డ్రైవ్ పెట్టొచ్చా?

అప్పుడప్పుడు ఒక ప్రోగ్రామ్ రికార్డ్ చేయడానికి ఓకే. కానీ టైమ్‌షిఫ్ట్ ఆన్‌లో పెట్టి వదిలేస్తే మాత్రం దాన్ని చంపుకున్నట్టే. టైమ్‌షిఫ్ట్ అంటే లైవ్‌ని పాజ్ చేసే సౌకర్యం. దానికోసం బాక్స్ మీరు చూస్తున్నంతసేపూ డిస్క్ మీద రాస్తూనే ఉంటుంది. 8 ఎంబీపీఎస్ ఛానల్ 24 గంటలు ఆన్‌లో ఉంటే రోజుకి 86.4 జీబీ. 32 జీబీ పెన్ డ్రైవ్ అయితే రోజుకి రెండున్నర సార్లు పూర్తిగా చెరిపి రాసినట్టు. పెన్ డ్రైవ్‌లలో వాడే చౌక ఫ్లాష్ ఈ దెబ్బకి ఎక్కువ కాలం తట్టుకోదు.

ఎస్‌ఎస్‌డీ సంగతి వేరు. 500 జీబీ ఎస్‌ఎస్‌డీలకి 300 టీబీ రాయొచ్చని కంపెనీలు చెప్పడం మామూలే. రోజుకి 86.4 జీబీ అంటే ఏడాదికి 31.5 టీబీ. అంటే 24 గంటలూ నడిపినా తొమ్మిదేళ్ల పైనే. కాబట్టి "ఎస్‌ఎస్‌డీ అరిగిపోతుంది" అన్న భయం అక్కర్లేదు. ధర ఎక్కువన్న ఒక్క కారణంతోనే నేను హార్డ్ డిస్క్ అంటున్నాను. బెడ్‌రూమ్‌లో పెట్టి, చిన్న శబ్దానికి కూడా నిద్ర పట్టనివాళ్లయితే ఎస్‌ఎస్‌డీ తీసుకోండి.

హార్డ్ డిస్క్‌తో వచ్చే అసలు సమస్య కరెంటు. యూఎస్‌బీ 2.0 పోర్ట్ ఇచ్చేది 500 మిల్లీ ఆంప్స్. 2.5 అంగుళాల డిస్క్ తిరగడం మొదలుపెట్టే క్షణంలో అంతకంటే ఎక్కువ లాగుతుంది. ఫలితం: డిస్క్ టిక్ టిక్ అంటుంది, బాక్స్ "నో డివైస్" అంటుంది, మీరేమో డిస్క్ పోయిందని రిటర్న్ పెడతారు. ముందు సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్‌తో ప్రయత్నించండి. 3.5 అంగుళాల డెస్క్‌టాప్ డిస్క్ అయితే దానికి ఎలాగూ సొంత అడాప్టర్ ఉంటుంది.

ఇక ఫార్మాట్. చాలా చౌక బాక్సులు ఫ్యాట్32నే సరిగ్గా గుర్తుపడతాయి. ఫ్యాట్32లో ఒక ఫైల్ 4 జీబీ దాటకూడదు, కాబట్టి హెచ్‌డీ రికార్డింగ్ దాదాపు 70 నిమిషాలకోసారి కొత్త ఫైల్‌గా తెగుతుంది. బాక్స్‌లో ప్లే చేస్తే వరసగా వస్తుంది కాబట్టి తేడా తెలీదు, ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసేటప్పుడు మాత్రం ముక్కలన్నీ తెచ్చుకోవాలి. ఎన్‌టీఎఫ్‌ఎస్ సపోర్ట్ ఉందంటే అదే వాడండి. కానీ "సపోర్ట్" అంటే చదవడానికా, రాయడానికా అని చూడండి. కొన్ని బాక్సులు ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్క్‌లో సినిమాలు ప్లే చేస్తాయి, రికార్డింగ్ నొక్కితే మాత్రం చేతులెత్తేస్తాయి.

టైమర్ పెట్టాం, సగమే వచ్చింది!

ఈ కంప్లైంట్ ఎక్కువగా ఫ్రీ టు ఎయిర్ బాక్సుల్లో. శాటిలైట్‌లో వచ్చే టైమ్ సిగ్నల్ యూటీసీలో ఉంటుంది. బాక్స్ సెట్టింగ్స్‌లో టైమ్ జోన్ +5:30 అని లేకపోతే, రాత్రి 8 గంటలకి పెట్టిన టైమర్ మన గడియారంలో అర్ధరాత్రి దాటి 1:30కి మొదలవుతుంది. కొత్త బాక్స్ తెచ్చిన రోజే ఇది సెట్ చేయండి.

రెండోది, ఛానల్ గైడ్‌లో ఉన్న టైమ్‌కి మన ఛానళ్లు కట్టుబడి ఉండవు. ముందు 5 నిమిషాలు, తర్వాత 15 నిమిషాలు అదనంగా రికార్డ్ చేసే ఆప్షన్‌ని ప్యాడింగ్ అంటారు, అది తప్పనిసరిగా చూడండి. క్రికెట్‌కి నేనైతే గంట పెడతాను. వాన, డీఎల్‌ఎస్, సూపర్ ఓవర్... చివరి ఓవర్ ముందు ఫైల్ అయిపోవడం కంటే 3.6 జీబీ వేస్ట్ అవ్వడం మేలు. సీరియల్ మొత్తం ఒకసారి నొక్కితే రోజూ రికార్డ్ అయ్యే సిరీస్ రికార్డింగ్ పే డీటీహెచ్ బాక్సుల్లోనే బాగుంటుంది. ఫ్రీ టు ఎయిర్ బాక్సుల్లో డైలీ, వీక్లీ టైమర్‌తో సరిపెట్టుకోవాలి.

కరెంటు కోతలకి కూడా ఏదో ఒకటి చేయాలి. రికార్డింగ్ మధ్యలో కరెంటు పోతే ఫైల్ సరిగ్గా క్లోజ్ అవ్వదు, ఫ్యాట్32 డిస్క్ అయితే ఒక్కోసారి ఫోల్డర్ మొత్తం గల్లంతవుతుంది. ఇన్వర్టర్ లైన్‌లో పెడితే సమస్యే లేదు. లేకపోతే వైఫై రౌటర్‌కి వాడే చిన్న 12 వోల్టుల యూపీఎస్ పనికొస్తుంది, ఎందుకంటే చాలా బాక్సుల అడాప్టర్ కూడా 12 వోల్టులే. పిన్ సైజు, పోలారిటీ, ఆంపియర్లు బాక్స్ అడాప్టర్ మీద ఉన్నదానితో సరిపోల్చుకున్నాకే పెట్టండి. డిస్క్ లాగే కరెంటు కూడా దీని మీదే పడుతుందని మర్చిపోవద్దు.

మనమే కట్టుకుంటే?

ఇది నాకు ఇష్టమైన భాగం, కానీ అందరికీ చెప్పను. రాస్ప్‌బెరీ పై 4కి లైనక్స్ డ్రైవర్ ఉన్న డీవీబీ-ఎస్2 యూఎస్‌బీ ట్యూనర్ పెట్టి టీవీహెడ్‌ఎండ్ వేస్తే, ఫ్రీ డిష్ మొత్తం బ్రౌజర్‌లో కనిపిస్తుంది. ఆఫీసులో కూర్చుని ఇంట్లో టైమర్ పెట్టొచ్చు. పైన చెప్పిన ట్రాన్స్‌పాండర్ ట్రిక్ ఇక్కడ పూర్తిగా పనిచేస్తుంది: ఒక ట్యూనర్‌తో ఒకే ట్రాన్స్‌పాండర్‌లోని నాలుగు ఛానళ్లు ఒకేసారి రికార్డ్ చేశాను, ప్రాసెసర్ అసలు పట్టించుకోలేదు. టీవీలో చూడటానికి కోడి ఉంటే చాలు. ట్యూనర్ కొనేముందు మీ కెర్నల్‌లో దానికి డ్రైవర్, ఫర్మ్‌వేర్ ఉన్నాయో లేదో చూడటం మాత్రం తప్పదు. అక్కడే వీకెండ్‌లు పోతాయి. పై 4లో నాలుగు యూఎస్‌బీ పోర్టులకీ కలిపి ఇచ్చేది 1.2 ఆంప్స్ మాత్రమే, కాబట్టి డిస్క్‌కి వేరే పవర్ ఇవ్వండి.

ఫైల్ చేతికొచ్చాక చిన్న టిప్. మన ఎస్‌డీ ప్రసారం 576ఐ, అంటే ఇంటర్‌లేస్డ్. ల్యాప్‌టాప్‌లో చూస్తే కదిలే చోట దువ్వెన పళ్లలా గీతలు కనిపిస్తాయి. రికార్డింగ్ పాడవలేదు, వీఎల్‌సీలో డీఇంటర్‌లేస్ ఆన్ చేయండి. దాచుకునే కాపీని మళ్లీ కంప్రెస్ చేయకండి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో కాపీ మోడ్‌తో ఎంకేవీలోకి మారిస్తే నిమిషంలో అయిపోతుంది, ఒక్క బిట్ క్వాలిటీ కూడా పోదు. ఫోన్‌లో పంపడానికి చిన్న ఎంపీ4 కావాలంటే అది వేరుగా చేసుకోండి.

అత్తయ్యకి మాత్రం నేను పై పెట్టలేదు. రెండు బాక్సులు పెట్టాను. సీరియల్స్‌కి కంపెనీ ఇచ్చిన డీటీహెచ్ బాక్స్ అలాగే ఉంది. దాని పక్కన ఫ్రీ డిష్‌కి ఒక ఎంపెగ్-4 బాక్స్, హబ్‌తో 1 టీబీ డిస్క్. మామయ్య సమాజం వాళ్లు ఇంకా నాటకాలు వేస్తున్నారు, సప్తగిరిలో ఏదైనా వస్తోందంటే ముందురోజే నాకు ఫోన్ వస్తుంది. రెండు రిమోట్‌లలో ఫ్రీ డిష్‌దానికి ఎర్ర రిబ్బన్ చుట్టి, రికార్డ్ బటన్ మీద బొట్టుబిళ్ల అంటించింది. నా కంటే మంచి యూఐ డిజైనర్.

కొన్నాక మొదటి వారం

రిటర్న్ గడువు లోపలే ఇవి చేసేయండి. పది నిమిషాలు రికార్డ్ చేసి, డిస్క్ తీసి ల్యాప్‌టాప్‌లో ప్లే అవుతుందో లేదో చూడండి. షాపతను ఏం చెప్పినా ఈ ఒక్క టెస్టే నిజం చెప్తుంది. తర్వాత బాక్స్‌ని స్టాండ్‌బైలో పెట్టి ఒక టైమర్ రికార్డింగ్ చేయండి, కొన్ని బాక్సులు స్టాండ్‌బై నుంచి లేవవు. మూడు గంటల సినిమా ఒకటి పూర్తిగా రికార్డ్ చేసి, ఫైల్ తెగిన చోట మాట ఏమైనా ఎగిరిపోయిందా వినండి. రికార్డింగ్ నడుస్తుండగా ప్లగ్ తీసి మళ్లీ పెట్టి, అప్పటిదాకా రాసింది మిగిలిందా చూడండి, ఇది ఖాళీ డిస్క్‌తోనే చేయండి. చివరగా డిస్క్ మీద చెయ్యి పెట్టి చూడండి. పట్టుకోలేనంత వేడిగా ఉంటే టీవీ క్యాబినెట్ లోపల్నుంచి తీసి, గాలి తగిలేచోట పెట్టాలి.